యూనిట్ - 14: విశ్వవిద్యాలయ కళాశాఖ నిర్వహణ, కళాసేకరణ సంరక్షణ (శాంతినికేతన్ కళాభవన్ ఉదాహరణగా)

14.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరవాత మీరు:
- విశ్వవిద్యాలయ కళాశాఖకూ, దాని దగ్గర పోగుపడే కళాసేకరణకూ ఉన్న సంబంధాన్ని వివరించగలుగుతారు.
- కళాఖండాల రిజిస్టరులో ఏ వివరాలు ఉండాలో, ఎందుకు ఉండాలో చెప్పగలుగుతారు.
- వెలుతురు, తేమ, పురుగుల వల్ల కలిగే నష్టాన్ని అంచనా వేసి, తక్కువ ఖర్చుతో నివారణ మార్గాలను సూచించగలుగుతారు.
- గోడల మీది చిత్రాలు, ఆరుబయటి శిల్పాల సంరక్షణలోని ప్రత్యేక సమస్యలను గుర్తించగలుగుతారు.
- కళాఖండాలను బోధనకు వాడటం, అరువివ్వడం, వాటి భద్రత, వాటికి వర్తించే చట్టం గురించి తగిన నిర్ణయాలు తీసుకోగలుగుతారు.

14.1 పరిచయం

కిందటి యూనిట్‌లో ప్రభుత్వ మ్యూజియంల పాలనా వ్యవస్థను గురించి తెలుసుకొన్నారు. మ్యూజియానికి ఉన్న ప్రధానమైన పని తన దగ్గరి వస్తువులను కాపాడి ప్రజలకు చూపడం. విశ్వవిద్యాలయ కళాశాఖ పరిస్థితి వేరు. దాని మొదటి పని బోధన. విద్యార్థులు బొమ్మలు వేస్తారు, అచ్చులు తీస్తారు, మట్టి పిసుకుతారు, రాయి చెక్కుతారు. ఈ క్రమంలోనే అధ్యాపకుల చిత్రాలు, పాత విద్యార్థుల పనులు, అతిథిగా వచ్చిన కళాకారులు ఇచ్చిన స్కెచ్‌లు శాఖలో పోగవుతాయి. ఎవరూ సేకరించాలని కూర్చోకపోయినా ముప్పై, నలభై ఏళ్లలో అదొక సేకరణ అవుతుంది.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. సేకరణ ఏర్పడిందని గుర్తించేసరికే అందులో కొంత పోయి ఉంటుంది. బీరువా మీద చుట్టి పెట్టిన చిత్రాలకు చెదలు పడతాయి. వరండాలో వేలాడదీసిన నీటిరంగుల చిత్రం వెలిసిపోతుంది. తనిఖీ బృందం వస్తుందనగానే ఇంజనీరింగ్ విభాగం వారు గోడలకు వెల్ల వేయిస్తే, ఆ గోడ మీది బొమ్మ కూడా దాని కిందికి పోతుంది. వీటిలో దేనికీ దురుద్దేశం కారణం కాదు. ఆ వస్తువుకు బాధ్యులు ఎవరో రాసి లేకపోవడమే కారణం.

ఈ యూనిట్‌లో శాంతినికేతన్‌లోని కళాభవన్‌ను ముఖ్య ఉదాహరణగా తీసుకొంటున్నాం. మన దేశంలో కళాశాఖ, కళాసేకరణ ఒకే ఆవరణలో కలిసి పెరిగిన తీరును చూడటానికి అంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు.

14.2 కళాభవన్: శాఖ, సేకరణ కలిసి పెరిగిన తీరు

రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో కళాభవన్‌ను ప్రారంభించారు. నందలాల్ బోస్ 1920ల తొలినాళ్ల నుంచి 1951 వరకు దాని బాధ్యత వహించారు. 1951లోనే పార్లమెంటు చట్టం ద్వారా విశ్వభారతి కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. నేడు కళాభవన్‌లో చిత్రకళ, శిల్పకళ, గ్రాఫిక్ కళ, డిజైన్, కళాచరిత్ర విభాగాలు ఉన్నాయి. నందన్ అనే ప్రదర్శనశాల ఉంది. శాంతినికేతన్‌ను 2023లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించింది.

అయితే కళాభవన్ సేకరణ నందన్‌లోని పెట్టెలకూ, అల్మారాలకూ పరిమితం కాదు. ఆవరణంతా విస్తరించి ఉంది. కింది ఉదాహరణలు చూడండి.

(అ) రామ్‌కింకర్ బైజ్ 1938లో చేసిన 'సంథాల్ కుటుంబం' ఆరుబయట నిలిచిన నిలువెత్తు శిల్పం. కంచు పోత పోయించేంత డబ్బు లేని చోట ఆయన సిమెంటులో ఆ ప్రాంతపు ఎర్రటి లాటరైట్ గులకరాళ్లు కలిపి దాన్ని రూపొందించారు. 1956 నాటి 'మిల్లు పిలుపు' కూడా ఆరుబయటి శిల్పమే.

(ఆ) బినోద్ బిహారీ ముఖర్జీ 1946-47లో హిందీ భవన్ గోడల మీద మధ్యయుగ భక్తకవుల జీవితాలను తడి సున్నపు పూత మీద చిత్రించారు.

(ఇ) 'కాలో బారి' అంటే నల్ల ఇల్లు. 1930లలో విద్యార్థుల వసతి కోసం కట్టిన మట్టి ఇల్లు ఇది. గోడల మీద నందలాల్, రామ్‌కింకర్, వారి విద్యార్థులు ఉబ్బెత్తు బొమ్మలు చేశారు. వాన నుంచి రక్షణగా గోడలకు తారు పూశారు. ఆ నలుపు వల్లే ఆ పేరు.

ఈ మూడింటిలోనూ గమనించవలసింది ఒకటుంది. ఇవి మ్యూజియం కోసం చేసినవి కావు. బోధనలో భాగంగా, చేతికి అందిన పదార్థాలతో, వాడుకలో ఉన్న కట్టడాల మీద చేసినవి. అందుకే వీటిని లోపలికి తరలించి తాళం వేయడం కుదరదు. వీటిని కాపాడే భారం శాఖ రోజువారీ నిర్వహణ మీదే పడుతుంది.

మరొక పోలిక చూడండి. భారత రాజ్యాంగం మూల ప్రతి పుటలను నందలాల్ బోస్, ఆయన శిష్యులు అలంకరించారు. ఆ ప్రతిని పార్లమెంటు గ్రంథాలయంలో ఆక్సిజన్ దాదాపు లేని ప్రత్యేకమైన గాజుపెట్టెలో భద్రపరిచారు. అదే గురుశిష్య బృందం చేసిన గోడ బొమ్మలు ఎండకూ వానకూ ఎదురుగా ఉన్నాయి. ఒకే బృందం పని అయినా పదార్థాన్ని బట్టి, స్థలాన్ని బట్టి సంరక్షణ మారుతుంది.

ఈ పరంపరకు తెలుగు నేలతోనూ సంబంధం ఉంది. 1940లలో కళాభవన్‌లో చదివిన కె.జి. సుబ్రహ్మణ్యన్ తరవాత బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో అధ్యాపకులయ్యారు. మెదక్ ప్రాంతానికి చెందిన కె. లక్ష్మాగౌడ్ 1960లలో అక్కడ ఆయన వద్ద చదివారు. ఆ తరవాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బోధించారు. గురువు పనిని ఎదురుగా చూసి నేర్చుకొనే పద్ధతిలో శాఖ దగ్గరున్న కళాఖండమే పాఠ్యపుస్తకం. అది పాడైతే పాఠమూ పోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
మీ జవాబును రెండు, మూడు వాక్యాలలో రాయండి. యూనిట్ చివర ఇచ్చిన జవాబుతో సరిచూసుకోండి.
ప్రశ్న: విశ్వవిద్యాలయ కళాశాఖ సేకరణ మ్యూజియం సేకరణ కంటే ఏ విధంగా భిన్నమైనది?

14.3 శాఖాధిపతి బాధ్యతలు

చాలా విశ్వవిద్యాలయాలలో శాఖాధిపతి పదవి వంతుల ప్రకారం మారుతుంది. ఒకరు దిగి మరొకరు రాగానే తాళాలు చేతులు మారతాయి. ఏ పెట్టెలో ఏముందన్న జ్ఞాపకం మాత్రం మారదు, అది పాతవారితోనే వెళ్లిపోతుంది. కాబట్టి శాఖాధిపతి చేయవలసిన మొదటి పని, వ్యక్తుల జ్ఞాపకం మీద ఆధారపడని ఏర్పాటు చేయడం. ఇందుకు మూడు అంశాలు అవసరం.

1. సేకరణ సంఘం: శాఖాధిపతి, కళాచరిత్ర అధ్యాపకులొకరు, స్టూడియో అధ్యాపకులొకరు, గ్రంథాలయం నుంచి ఒకరు, ఇంజనీరింగ్ విభాగం నుంచి ఒకరు ఇందులో ఉండాలి. ఇంజనీరింగ్ విభాగాన్ని చేర్చడం లాంఛనం కాదు. పైకప్పు కారినా, గోడకు వెల్ల వేసినా, కొత్త కరెంటు వైరు లాగినా అది వారి చేతి మీదుగానే జరుగుతుంది.

2. బాధ్యుడు: సంఘం నిర్ణయిస్తుంది, పని చేసేది మాత్రం ఒక మనిషి. పూర్తికాలపు క్యూరేటరు పోస్టు లేకపోతే ఒక అధ్యాపకునికి బోధన గంటలు తగ్గించి ఈ బాధ్యతను రాతపూర్వకంగా అప్పగించాలి. ఉత్తమ కళాకారులు ఈ పనిని చిన్నచూపు చూడలేదు. బినోద్ బిహారీ ముఖర్జీ 1949లో కాఠ్‌మండూ వెళ్లి నేపాల్ ప్రభుత్వ మ్యూజియం క్యూరేటరుగా పనిచేశారు.

3. నిధులు: సంరక్షణకు ఏటా చిన్న మొత్తమైనా విడిగా కేటాయించాలి. 'మిగిలితే చూద్దాం' అన్న పద్దు ఎప్పుడూ మిగలదు. కళాభవన్‌లో 1973 నుంచి ఏటా డిసెంబరు తొలి రోజుల్లో, నందలాల్ పుట్టినరోజుకు ముందు, నందన్ మేళా జరుగుతుంది. విద్యార్థులు, అధ్యాపకులు తాము చేసిన వస్తువులను అమ్మగా వచ్చిన సొమ్ము విద్యార్థుల సంక్షేమానికి వెళుతుంది. శాఖ తన అవసరాలకు తానే కొంత సమకూర్చుకోగలదనడానికి ఇది ఉదాహరణ. అయితే ఇటువంటి మేళాలలో అమ్మేవి వేరు, సేకరణలో ఉన్నవి వేరు. నిధుల కోసం సేకరణలోని వస్తువును అమ్మకూడదు.

స్టూడియోల అమరిక కూడా సంరక్షణలో భాగమే. గ్రాఫిక్ విభాగంలో లోహపు పలకలను ఆమ్లంతో కొరికిస్తారు. ఆ ఆవిరి కాగితానికీ లోహానికీ హాని చేస్తుంది. అవిసెనూనె అంటిన గుడ్డలను కుప్పగా వదిలేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకొనే ప్రమాదం ఉంది. కాబట్టి కళాఖండాల గదిని ఈ స్టూడియోలకు ఆనుకొని ఉంచకూడదు. నూనె గుడ్డలను మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి ఏ రోజువి ఆ రోజే తీసివేయాలి.

14.4 నమోదు: స్టాకు రిజిస్టరు చాలదు

విశ్వవిద్యాలయాలలో కొన్న ప్రతి వస్తువూ స్టాకు రిజిస్టరుకు ఎక్కుతుంది. కుర్చీ, ఫ్యాను, ఈజిల్, చిత్రం అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. కొన్నేళ్లకు పనికిరాని సామాను రద్దు చేసేటప్పుడు 'పాత చిత్రం, ఫ్రేము విరిగినది - 1' అన్న పద్దు విరిగిన కుర్చీలతోపాటు వేలానికి వెళ్లగలదు. కార్యాలయం దృష్టిలో అది నిబంధన ప్రకారమే జరిగినట్లు. ఇక కొనకుండా వచ్చినవి, అంటే బహుమతులు, విద్యార్థుల పనులు, ఏ రిజిస్టరుకూ ఎక్కవు. అవి పోయినా పోయినట్లు తెలియదు.

ఈ రెండు ప్రమాదాలనూ తప్పించేది కళాఖండాల ప్రత్యేక రిజిస్టరు. ప్రతి వస్తువుకూ కింది వివరాలు నమోదు చేయాలి.

(క) నమోదు సంఖ్య: ఉదాహరణకు 2025.12.3 అంటే 2025లో 12వ విడతగా వచ్చిన వాటిలో మూడవది. ఒకసారి ఇచ్చిన సంఖ్యను, ఆ వస్తువు పోయినా సరే, మరొక దానికి ఇవ్వకూడదు.
(ఖ) కళాకారుని పేరు, కృతి పేరు, చేసిన సంవత్సరం. తెలియనివి తెలియవనే రాయాలి.
(గ) పదార్థం, పద్ధతి, కొలతలు సెంటీమీటర్లలో.
(ఘ) ఎలా వచ్చింది: కొనుగోలా, బహుమతా, విద్యార్థి వదిలి వెళ్లినదా? సంబంధించిన ఉత్తరం ఏ ఫైలులో ఉంది?
(చ) ప్రస్తుత స్థితి: చిరుగులు, మచ్చలు, ఊడిన రంగు, తేదీతో సహా.
(ఛ) ఉన్న చోటు: గది, అల్మారా, అర.
(జ) ముందు, వెనుక తీసిన ఫోటోలు.

సంఖ్యను కాగితం వెనుక అంచున మెత్తని పెన్సిల్‌తో రాయాలి. బాల్ పెన్నుతో రాస్తే ముందువైపు గాడి పడుతుంది. సిరా రంగు కారుతుంది. స్టిక్కరు జిగురు కొన్నేళ్లలో పసుపు మరకగా మారుతుంది. కంప్యూటరులో జాబితా తయారుచేసినా, కుట్టిన పుస్తకంలో చేతిరాత ప్రతి ఒకటి, వేరే భవనంలో నకలు ఒకటి ఉంచడం మంచిది.

ఏటా ఒకసారి రిజిస్టరు పట్టుకొని వస్తువులను సరిచూడాలి. అంతా ఒకేసారి కుదరకపోతే నెలకొక అల్మారా చొప్పున చూడవచ్చు. శాఖాధిపతి మారేటప్పుడు ఇద్దరి సంతకాలతో ఈ పని తప్పక జరగాలి.

14.5 కాగితం మీది కళాఖండాలు

కళాశాఖల సేకరణలో ఎక్కువ భాగం కాగితమే. దానికి శత్రువులు నాలుగు.

వెలుతురు: వెలుతురు చేసిన నష్టం తిరిగి రాదు, కూడుకుంటూ పోతుంది. నీటిరంగులు, అచ్చు చిత్రాలు, సిరా గీతలకు 50 లక్స్, తైలవర్ణ చిత్రాలకు సుమారు 200 లక్స్ వరకు వెలుతురు ఉండవచ్చునని మ్యూజియంలు సాధారణంగా పాటిస్తాయి. ఒక లెక్క చూడండి. ప్రదర్శనశాలలో 50 లక్స్ కింద రోజుకు 8 గంటలు ఉంచిన నీటిరంగుల చిత్రం మీద పడేది 400 లక్స్-గంటలు. 90 రోజులకు 36,000. అదే చిత్రాన్ని 500 లక్స్ వెలుతురు ఉన్న వరండాలో రోజుకు 10 గంటలు వేలాడదీస్తే రోజుకు 5,000 లక్స్-గంటలు. అంటే ప్రదర్శనశాలలో మూడు నెలలకు పడే వెలుతురు వరండాలో ఎనిమిదో రోజుకే పడిపోతుంది. ఉపకులపతి గది అలంకరణకు అడిగినప్పుడు అసలు చిత్రానికి బదులు మంచి నకలు ఇవ్వాలని చెప్పడానికి ఈ లెక్క చాలు.

తేమ: గాలిలో తేమ 65-70 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు పడుతుంది. మరీ తగ్గితే కాగితం పెళుసవుతుంది. తేమ ఎంత ఉన్నదన్న దానికంటే అది ఎంత తరచుగా మారుతున్నదన్నది ముఖ్యం. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే గదిలో కాగితం రోజూ వ్యాకోచించి సంకోచిస్తుంది. రోజంతా నడపలేని ఏసీ కంటే, గాలి ఆడే గదిలో గోడకు జానెడు దూరంగా పెట్టిన ఇనుప అల్మారా మేలు. తేమను కొలిచే చిన్న పరికరం ఒకటి కొని రోజూ ఉదయం, సాయంత్రం అంకెలు రాసిపెట్టండి. ఈ పని విద్యార్థులకు అప్పగించవచ్చు.

పురుగులు: చెదలు, సిల్వర్ ఫిష్, బొద్దింకలు జిగురునూ కాగితాన్నీ తింటాయి. కలరా ఉండలు వేయడం మన అలవాటు. కాని వాటి ఆవిరి మనుషుల ఆరోగ్యానికి మంచిది కాదు, కొన్ని రంగులకూ పదార్థాలకూ పడదు. ఆ గదిలో టీ, టిఫిన్లు నిషేధించడం, అల్మారాలను నేలకు కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తున ఉంచడం, వారానికొకసారి మూలలు చూడటం, కొత్తగా వచ్చిన వస్తువును కొన్ని వారాలు విడిగా ఉంచి పరిశీలించిన తరవాతే లోపలికి చేర్చడం వాటికంటే బాగా పనిచేస్తాయి.

మన చేతులు: చిరిగిన చోట సెల్లో టేపు అంటించడం అన్నిటికంటే సాధారణమైన హాని. దాని జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక మిగులుతుంది. చిరుగును అలాగే ఒక కవరులో పడుకోబెట్టి నిపుణుల కోసం ఆగడం మంచిది. వారు పలచని కాగితాన్ని గోధుమ గంజితో అతికిస్తారు. కావలసినప్పుడు తడిపి తీయవచ్చు. చేసిన మరమ్మతును తిరిగి తీయగలిగేలా ఉండాలన్నది సంరక్షణ శాస్త్రంలో మూలసూత్రం. ఇటువంటి పనులలో సలహాకు లక్నోలోని జాతీయ సంరక్షణ పరిశోధనశాలను, హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియం సంరక్షణ విభాగాన్ని సంప్రదించవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
ప్రశ్న: 200 లక్స్ వెలుతురులో రోజుకు 9 గంటల చొప్పున 20 రోజులు ఉంచిన నీటిరంగుల చిత్రం మీద మొత్తం ఎన్ని లక్స్-గంటల వెలుతురు పడింది?

14.6 గోడలు, ఆరుబయటి శిల్పాలు

తడి సున్నం మీద వేసిన రంగు సున్నం గట్టిపడేటప్పుడు గోడలో భాగమైపోతుంది. కాబట్టి గోడ ఆరోగ్యమే చిత్రం ఆరోగ్యం. పైకప్పు కారినా, పునాది నుంచి నీరు పైకి పీల్చుకొన్నా లవణాలు ఉపరితలానికి వచ్చి రంగును పొరలుగా ఊడగొడతాయి. ఇటువంటి గోడకు పగుళ్లు వస్తే సిమెంటు పూయకూడదు. సున్నపు గోడ గాలి పీల్చి వదులుతుంది. సిమెంటు ఆ దారిని మూసివేయడంతో చెమ్మ పక్కకు తిరిగి చిత్రం ఉన్న చోటనే బయటపడుతుంది. అందుచేత గోడ చిత్రానికి మొదటి వైద్యం పైకప్పు మీద, మురుగు కాలువలో మొదలవుతుంది.

సిమెంటు శిల్పానికి లోపలి ఇనుప చట్రమే బలం, అదే బలహీనత. పగుళ్ల గుండా నీరు చేరితే ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది. ఉబ్బిన తుప్పు సిమెంటును పగలగొడుతుంది. నాచు తేమను పట్టి ఉంచుతుంది. వర్షాకాలానికి ముందు, తరవాత ఒకే చోటు నుంచి ఫోటోలు తీసి పోల్చితే కొత్త పగుళ్లు కనిపిస్తాయి. నాచును ఇనుప బ్రష్షుతో, ఆమ్లంతో శుభ్రం చేయకూడదు.

మట్టి ఇంటి విషయంలో ప్రశ్న ఇంకా లోతైనది. మట్టి గోడను ఎప్పటికప్పుడు మెత్తి, పూత పూస్తేనే నిలుస్తుంది. అంటే మార్చకుండా కాపాడటం అక్కడ సాధ్యం కాదు. మరి ఎవరు పూయాలి? ఎంతవరకు పూయాలి? కె.జి. సుబ్రహ్మణ్యన్ 1990ల తొలినాళ్లలో కళాభవన్ డిజైన్ విభాగం భవనం మీద నలుపు, తెలుపు రంగులలో ఒక పెద్ద కుడ్యచిత్రం వేశారు. అది మాసిపోగా 2009 ప్రాంతంలో, ఎనభై దాటిన వయసులో, మళ్లీ తానే చిత్రించారు. కళాకారుడు జీవించి ఉన్నప్పుడు ఆ హక్కు ఆయనది. ఆయన తరవాత అదే గోడ మాసినప్పుడు మరొకరు కుంచె పట్టవచ్చునా? ఇటువంటి నిర్ణయాన్ని గోడ మాసిన తరవాత కాక, కళాకారుడు ఉండగానే అడిగి, ఆయన మాటను, వాడిన రంగుల వివరాలను రికార్డు చేసి ఉంచడం శాఖ కర్తవ్యం.

కృత్యం: మీ ఊళ్లోని కళాశాల, పాఠశాల లేదా గ్రంథాలయంలో ఉన్న ఒక గోడ చిత్రాన్ని గాని, విగ్రహాన్ని గాని ఎంచుకోండి. దాని స్థితిని పది వాక్యాలలో రాసి, ఎవరు బాధ్యులో అడిగి తెలుసుకోండి.

14.7 బోధనకు వాడుక, అరువు, భద్రత, చట్టం

పెట్టెలో పెట్టి ఎవరికీ చూపని సేకరణ కళాశాఖకు ఉపయోగపడదు. అలాగని ప్రతి తరగతికీ అసలు చిత్రాన్ని చేతులు మార్చితే పదేళ్లు నిలవదు. మధ్యేమార్గం చూసే గది. పెద్ద బల్ల, శుభ్రమైన చేతులు, పెన్సిళ్లు మాత్రమే, ఒకసారికి ఐదు కృతులు, పక్కన బాధ్యుడు. విద్యార్థి గంటసేపు ఒక్క అచ్చు చిత్రం ముందు కూర్చొని గీతను పరిశీలిస్తే నేర్చుకొనేది తెరమీద నూరు బొమ్మలు చూసి నేర్చుకోలేడు.

బయటి ప్రదర్శనకు అరువిచ్చేటప్పుడు రాతపూర్వకమైన ఒప్పందం, బీమా, వెళ్లేముందు, వచ్చిన తరవాత స్థితి నివేదిక, తిరిగిరావలసిన తేదీ తప్పనిసరి.

దొంగతనం ఊహించని చోట కూడా జరుగుతుంది. 2004 మార్చిలో విశ్వభారతిలోని మ్యూజియం నుంచి రవీంద్రుని నోబెల్ పతకం, మరికొన్ని వస్తువులు చోరీ అయ్యాయి. కేసును సీబీఐ చేపట్టింది. తరవాత స్వీడన్ నుంచి ప్రతిరూప పతకాలు వచ్చాయి. లోహం బరువును, ఆకారాన్ని తిరిగి ఇవ్వవచ్చు. కవి చేతిలోకి వచ్చిన ఆ వస్తువును తిరిగి ఇవ్వలేం. కాపలా, తాళాలతోపాటు స్పష్టమైన ఫోటోలు, కొలతలు ఉన్న రిజిస్టరు కూడా భద్రతలో భాగమే. పోయిన వస్తువు ఎక్కడైనా బయటపడితే అది మనదని నిరూపించేది అదే.

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం గురించి కూడా తెలుసుకోవాలి. దీని ప్రకారం కేంద్ర ప్రభుత్వం, జీవించి లేని కళాకారుల కృతులను కళానిధులుగా ప్రకటించవచ్చు. రవీంద్రనాథ్ ఠాగూర్, అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్, నందలాల్ బోస్, జామినీ రాయ్, రాజా రవివర్మ, అమృతా షేర్‌గిల్, నికొలస్ రోరిక్, శైలోజ్ ముఖర్జీ - ఈ తొమ్మిదిమంది కృతులకు ఈ గుర్తింపు ఉంది. వీటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించరాదు. మీ శాఖలో పాత ఫైలు మధ్య నందలాల్ గీసిన పోస్టుకార్డు ఒకటి దొరికితే అది కార్యాలయపు కాగితం కాదు, కళానిధి.

14.8 సారాంశం

కళాశాఖ సేకరణ బోధన నుంచి పుట్టింది, బోధనకే ఉపయోగపడాలి. శాఖాధిపతులు మారుతుంటారు కాబట్టి సంఘం, బాధ్యుడు, విడి పద్దు, ప్రత్యేక రిజిస్టరు అవసరం. కాగితానికి వెలుతురు, తేమ, పురుగులు, అజాగ్రత్త చేతులు శత్రువులు. గోడ చిత్రాల సంరక్షణ కట్టడం మరమ్మతుతో మొదలవుతుంది. మరమ్మతు తిరిగి తీయగలిగేలా ఉండాలి. వాడుకకూ రక్షణకూ మధ్య సమతూకం రాతపూర్వకమైన నియమాల వల్లనే సాధ్యం.

14.9 ముఖ్య పదాలు

నమోదు సంఖ్య: సేకరణలోని ఒక్కొక్క వస్తువుకు శాశ్వతంగా ఇచ్చే గుర్తు.
స్థితి నివేదిక: ఒక తేదీన వస్తువు ఎలా ఉందో తెలిపే రాత.
లక్స్-గంట: వెలుతురు తీవ్రతను అది పడిన గంటలతో హెచ్చించగా వచ్చే కొలత.
కళానిధి: 1972 చట్టం కింద ప్రభుత్వం ప్రకటించిన కళాఖండం.

14.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి - జవాబులు

1. మ్యూజియం వస్తువులను ఎంచి సేకరిస్తుంది. కళాశాఖ సేకరణ బోధన క్రమంలో తనంతట తానే పోగవుతుంది. అందులో కొంత వాడుకలో ఉన్న గోడల మీద, ఆరుబయట ఉంటుంది కాబట్టి రోజువారీ నిర్వహణతో ముడిపడి ఉంటుంది.
2. 200 × 9 × 20 = 36,000 లక్స్-గంటలు.

14.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ముప్పై పంక్తులలో జవాబులు రాయండి.
1. శాంతినికేతన్ కళాభవన్ ఆధారంగా విశ్వవిద్యాలయ కళాసేకరణ స్వభావాన్ని వివరించండి.
2. కాగితం మీది కళాఖండాల సంరక్షణకు మీరు సూచించే తక్కువ ఖర్చు పద్ధతులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు పదిహేను పంక్తులలో జవాబులు రాయండి.
1. స్టాకు రిజిస్టరుకూ కళాఖండాల రిజిస్టరుకూ తేడా ఏమిటి?
2. సున్నపు గోడ మీది చిత్రం పక్కన పగులు వచ్చింది. ఇంజనీరింగ్ విభాగం సిమెంటు పూస్తామంటున్నది. శాఖాధిపతిగా మీరు రాసే లేఖను తయారుచేయండి.